అర్ధరాత్రి లంచ్ బ్రేక్

మనీలాలో దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. సెప్టెంబరు మొదటి వారం. బయట జోరున వాన. లోపల స్పీకర్లలో క్రిస్మస్ పాట. నా చెవుల మీద నాకే అనుమానం వచ్చి, సామాన్ల బెల్టు దగ్గర ఆగి మళ్లీ విన్నాను. క్రిస్మస్ పాటే! ఇక్కడ సెప్టెంబరు ఒకటో తారీఖు నుంచే పండగ సందడి మొదలట. హైదరాబాద్‌లో వినాయకుడు ఇంకా నిమజ్జనానికి కదలనేలేదు, ఇక్కడ క్రిస్మస్ తాత షాపుల అద్దాల్లోకి వచ్చి కూర్చున్నాడు.

నేను వచ్చిన పని చెబితే ఇమిగ్రేషన్ కౌంటర్లో ఆయన నవ్వేవాడేమో. అందుకని ‘టూరిజం’ అని ఊరుకున్నాను. అసలు సంగతి వేరు. ఇరవై ఏళ్ల కిందట నేను బేగంపేటలో ఒక కాల్ సెంటర్‌లో పనిచేశాను. రాత్రి సుమో వచ్చి హారన్ కొడితే మా వీధిలో కిటికీలన్నీ తెరుచుకునేవి. ‘ఆడపిల్లకి రాత్రి ఉద్యోగమేంటమ్మా’ అని మా అమ్మని అడగని ఇల్లాలు లేదు. ఫోన్లో నా పేరు నాన్సీ. ఒహాయోలో ఉండే పెద్దాయనకి క్రెడిట్ కార్డు బిల్లులో వడ్డీ ఎందుకు పడిందో వివరించడం నా పని. కొన్నాళ్లకి మా ప్రాసెస్, అంటే మా టీమ్ చేసే పని, మొత్తం మనీలాకి వెళ్లిపోయింది. ‘మన సీట్లు ఫిలిప్పీన్స్‌కి పోయాయి’ అని క్యాంటీన్లో చెప్పుకున్నాం. 2010 ప్రాంతానికల్లా ఫోన్లో మాట్లాడే పనిలో ఆ దేశం మనల్ని దాటేసిందని పేపర్లలోనూ వచ్చింది.

నా సీటు ఎక్కడికి పోయిందో ఒకసారి చూసి రావాలని అప్పటినుంచీ ఉంది. ఇప్పుడు మనీలాలో కూడా ఆ సీటు కదులుతోందని వార్తలు వస్తుంటే ఇక ఆగబుద్ధి కాలేదు. పైగా 2025 జూన్ నుంచి భారతీయులకి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. మీరు వెళ్లాలనుకుంటే తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకోండి, బయల్దేరే ముందు ఈట్రావెల్ అనే ఆన్‌లైన్ ఫారం నింపండి.

గది మనీలా ఆఫీసుల కేంద్రం మకాటీలో, అయాలా అవెన్యూకి కాస్త అవతల. లిఫ్టులో ఎదురైన కుర్రాడు ‘గుడ్ మార్నింగ్, మామ్’ అన్నాడు. రాత్రి పన్నెండున్నర. మెడలో ఐడీ కార్డు, చేతిలో గొడుగు, తడి జుట్టు, పౌడరు వాసన. ఆ పలకరింపులో వెటకారం లేదు. అతనికి అప్పుడే తెల్లారింది.

నిద్ర ఎలాగూ పట్టదని నేనూ బయటికి నడిచాను. ఒంటిగంటకి అయాలా అవెన్యూ చూస్తే మన అమీర్‌పేటలో సాయంత్రం ఆరు గుర్తొచ్చింది. కాఫీ షాపుల ముందు వరసలు, మూల మూలకీ సిగరెట్ గుంపులు, గొడుగుల కింద నవ్వులు. లంచ్ బ్రేక్ అట. సెప్టెంబరులో న్యూయార్క్‌కి, మనీలాకి సరిగ్గా పన్నెండు గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, ఇక్కడ రాత్రి ఒంటిగంట. గడియారం ముల్లు కదపక్కర్లేదు. మేము తొమ్మిదిన్నర గంటల తేడాతో, ఆ అరగంట దగ్గర తడబడుతూ, కాగితం మీద లెక్కలు వేసుకునేవాళ్లం. ఈ ఉద్యోగానికి దేవుడు వీళ్లనే ముందు ఎంచుకున్నట్టున్నాడు. పైగా 1898 తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం అమెరికా పాలనలో గడిపిన దేశం. బడిలో ఇంగ్లిషు, టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్. ఒహాయో పెద్దాయనతో కబుర్లు చెప్పడానికి మాలాగా రాత్రంతా వీడియోలు చూసి బేస్‌బాల్ బట్టీ పట్టే అవసరం వీళ్లకి లేదు.

మా పాత టీమ్ లీడ్ మనీలాలోనే స్థిరపడ్డారు. మా ప్రాసెస్‌తో పాటు వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఉండిపోయారు. ‘రెండింటికి నా బ్రేక్, బిల్డింగ్ కింద కలుద్దాం’ అని మెసేజ్ పెట్టారు. ఆ బిల్డింగ్ వెతకడమే ఒక యాత్ర. వాన కదా అని రోడ్డు కిందుగా వెళ్లే నడకదారిలో దిగాను. పైకి వస్తే ఇంకో టవరు. మళ్లీ దిగాను. మళ్లీ వస్తే ముందు చూసిన కాఫీ షాపు, కానీ ఇది వేరే కాఫీ షాపు. లిఫ్టులో జీ ఉంది, యూజీ ఉంది, ఎల్‌జీ ఉంది. వీటిలో నేల ఏదో ఎవరూ చెప్పరు. గార్డుని అడిగితే ఆయన పెదవులు ముందుకి చాచి ఊరుకున్నాడు. నామీద అలిగాడేమో అనుకున్నాను. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మూతి, ఈసారి ఇంకాస్త గట్టిగా. వెనక నుంచి ఒకమ్మాయి ‘అటు, మామ్’ అంటే అప్పుడు వెలిగింది. ఇక్కడ దిక్కులు పెదవులతో చూపిస్తారు. మీరు వెళితే గార్డుల చేతుల వంక చూడకండి, మూతి ఎటు తిరిగిందో చూడండి.

దారి దొరికే లోపు ఆకలి దొరికింది. టవర్ల వెనక సందులో టార్పాలిన్ కింద ఒకావిడ ‘లుగావ్’ అమ్ముతోంది. అల్లం వేసి జారుగా ఉడికించిన బియ్యపు గంజి, పైన వేయించిన వెల్లుల్లి, ఉల్లికాడలు, ఒక ఉడికించిన గుడ్డు. కలమాన్సీ అని ఉసిరికాయంత నిమ్మకాయ ఉంటుంది, అది పిండుకోవాలి. మన ఇంట్లో గంజి అంటే జ్వరం వచ్చినవాళ్లకి. ఇక్కడ కస్టమర్ తిట్లు తిన్నవాళ్లకి. గిన్నె ఖాళీ చేసేసరికి విమానంలో బిగుసుకుపోయిన ఒళ్లు వదులైంది.

అందరూ ఆవిడని ‘ఆతే’ అంటున్నారు, అక్కా అని. నేనూ ఆతే అన్నాను. వ్యాపారం ఎలా ఉందంటే గరిట పైకెత్తి టవరు చూపించింది. అది మాత్రం పెదవులతో కాదు. ‘ఆ మూడు అంతస్తులు చూడు, లైట్లు లేవు. ట్రావెల్ అకౌంట్ ఉండేది. పోయింది.’ ఏ అంతస్తులో ఏ కంపెనీ పని నడుస్తుందో, ఎవరి షిఫ్టు ఎప్పుడు మారిందో ఆవిడకి కంఠతా వచ్చు. ఒకప్పుడు తెల్లవారుజామున మూడింటికల్లా రెండు కుండలు ఖాళీ అయ్యేవట, ఇప్పుడు ఒకటే పొయ్యి మీద పెడుతోంది. కోవిడ్‌లో ఇళ్లకి పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. పన్ను రాయితీలు కావాలంటే ఆఫీసుకి రావాల్సిందేనని ప్రభుత్వం పట్టుబట్టింది. చివరికి 2022లో కంపెనీలు తమ రిజిస్ట్రేషన్ ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి మార్చుకుని ఇంటి పని కొనసాగించుకునే వీలు కల్పించింది. అలా ఒక కుండ పోయింది. ‘రెండో కుండ మీద ఇప్పుడు కంప్యూటర్ కన్ను పడింది’ అని నవ్వింది. నవ్వుతూనే నా గిన్నెలో ఇంకో గరిటెడు పోసింది, డబ్బులు తీసుకోలేదు.

టీమ్ లీడ్ గారు నన్ను చూడగానే ‘ఏమ్మా నాన్సీ!’ అన్నారు. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. ‘సార్’ అంటే, ‘ఇంకా సార్ ఏంటమ్మా, ఇక్కడ నన్ను చిన్నపిల్లలు కూడా పేరుపెట్టి పిలుస్తారు’ అన్నారు. లోపలికి తీసుకెళతారని ఆశపడ్డాను. కుదరదు. పని జరిగే ఫ్లోర్ మీదికి ఫోను, పెన్ను, కాగితం ముక్క కూడా వెళ్లకూడదు, కార్డు నంబర్లు రాసుకుంటారని. రిసెప్షన్, దాని పక్కన టీ తాగే ప్యాంట్రీ, అక్కడితో సరి. ఇంత దూరం వచ్చి నా సీటు అద్దం అవతలే ఉండిపోయింది.

‘మనల్ని తీసేసినప్పుడు మీటింగ్ పెట్టి చెప్పారు గుర్తుందా? ఇక్కడ తీసేశారనే మాట ఎవరూ అనరు. ర్యాంప్ డౌన్ అంటారు. అకౌంట్ సన్నబడుతోందని అర్థం’ అన్నారాయన. అకౌంట్ అంటే ఒక విదేశీ కంపెనీ ఇచ్చిన పని. ఇక్కడి ఏజెంట్లు తమ కంపెనీ పేరు కంటే అకౌంట్ పేరే ముందు చెబుతారు. నేను టెల్కో, నేను బ్యాంకింగ్, నేను హెల్త్‌కేర్ అని. మన ఊళ్లలో ‘మీరెవరబ్బాయి’ అని అడిగినట్టు ఇక్కడ ‘ఏ అకౌంట్’ అని అడుగుతారు.

మొత్తం మీద చూస్తే పరిశ్రమ తగ్గలేదు. పరిశ్రమ సంఘం లెక్కల ప్రకారం 2024లో ఈ రంగంలో 18.2 లక్షల మంది ఉన్నారు, ఆదాయం 3,800 కోట్ల డాలర్లు. 2028కి 25 లక్షల ఉద్యోగాలు కావాలని ముందే లక్ష్యం పెట్టుకున్నారు. ‘మరి ఆ చీకటి అంతస్తులు?’ అని అడిగాను. ఆయన టీ కప్పు తిప్పుతూ విడమరిచారు. పాస్‌వర్డ్ మర్చిపోయాను, నా పార్శిల్ ఎక్కడుంది, బిల్లు ఎంత లాంటి సులువైన కాల్స్ ఇప్పుడు మనిషి దాకా రావు, చాట్‌బాట్ దగ్గరే తెగిపోతాయి. మిగిలేవి గొడవలు. బాట్‌తో పావుగంట పోట్లాడి, కోపం తలకెక్కినవాళ్లు లైన్లోకి వస్తారు. వెనకటికి నాలుగు చిక్కు కాల్స్ మధ్య ఒక పాస్‌వర్డ్ కాల్ వచ్చేది, ఊపిరి తీసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ఊపిరి కాల్ లేదు. ఒక్కో కాల్ ఎక్కువసేపు పడుతుంది, టార్గెట్ నిమిషాలు మాత్రం పాతవే.

నాకు నా ఊపిరి కాల్స్ గుర్తొచ్చాయి. ఒకావిడ వారం వారం ఫోన్ చేసి బ్యాలెన్స్ అడిగేది. బ్యాలెన్స్ ఆవిడకి తెలుసు. పిల్లి సంగతులు చెప్పుకోవడానికి చేసేది.

ఇంకా ఉంది. ఏజెంట్ మాట్లాడుతుంటే తర్వాతి వాక్యం ఏమనాలో స్క్రీన్ మీద పడుతుంది. మా కాలంలో క్వాలిటీ వాళ్లు నెలకి కొన్ని కాల్స్ విని మార్కులు వేసేవాళ్లు. ఇప్పుడు ప్రతి కాల్‌కీ యంత్రమే మార్కులు వేస్తుంది. యాసని అప్పటికప్పుడు అమెరికా యాసగా మార్చే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. నేను ‘వాటర్’ అనే మాటని నాలుక మడిచి అనడానికి ఒక వేసవంతా ధారపోశాను. ఆ వేసవి ఎవరిస్తారు?

మరి మనుషుల పని అయిపోయినట్టేనా? అలా కూడా లేదు. 2024 ఫిబ్రవరిలో క్లార్నా అనే స్వీడన్ కంపెనీ తమ ఏఐ 700 మంది ఏజెంట్ల పని చేస్తోందని ప్రకటించింది. ఆ దెబ్బకి ప్రపంచంలోకెల్లా పెద్ద కాల్ సెంటర్ కంపెనీల్లో ఒకటైన టెలిపెర్ఫార్మెన్స్ షేరు కుప్పకూలింది. ఏడాది తిరిగాక అదే క్లార్నా అధిపతి నాణ్యత పడిపోయిందని ఒప్పుకుని, మళ్లీ మనుషులని తీసుకుంటున్నామన్నారు. ‘ఆ రెండు వార్తల మధ్య ఉన్న ఏడాదిలో అద్దెలు ఎవరు కడతారమ్మా, అదీ సమస్య’ అని సార్ లేచారు. ఆయన బ్రేక్ అయిపోయింది. అరగంట దాటితే ఆయనకి కూడా సిస్టమ్‌లో ఎర్ర గీత పడుతుందట.

తెల్లారాక ఈస్ట్‌వుడ్ సిటీకి బయల్దేరాను. ఎడ్సా రోడ్డు మీద ఎంఆర్‌టీ రైలెక్కి కుబావోలో దిగి, అక్కడి నుంచి గ్రాబ్ యాప్‌లో పిలిచిన కారు. మన మెట్రోలో ఆడవాళ్లకి చోటు కేటాయించినట్టే ఇక్కడ ముందు పెట్టె ఆడవాళ్లకి, పెద్దవాళ్లకి. తేడా ఏమిటంటే ఆ పెట్టెలో సగం మంది నిలబడే నిద్రపోతున్నారు, స్టేషన్ రాగానే ఎవరూ లేపకుండానే కళ్లు తెరిచి దిగిపోతున్నారు. నేను మాత్రం రెండు స్టేషన్లు ముందే లేచి తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఈస్ట్‌వుడ్ 1999లో ఈ దేశంలో మొదటి ఐటీ పార్కుగా గుర్తింపు పొందింది. 1995లో వచ్చిన ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టంతో ఇలాంటివి మొలిచాయి. మన హైటెక్ సిటీకి దాదాపు ఈడుది. కానీ మన హైటెక్ సిటీలో ఉదయం ఏడింటికి ఇడ్లీ బండ్లు ఉంటాయి, ఇక్కడ ఏడింటికి బీరు. హడావిడిగా టిఫిన్ చేస్తున్నారనుకుని దగ్గరికి పోతే సెగలు కక్కే ఇనప పళ్లెంలో ‘సిసిగ్’, పంది మాంసం సన్నగా తరిగి ఉల్లిపాయ, మిరపకాయ, కలమాన్సీ వేసి వేయించినది, పక్కన చల్లటి సీసాలు. షిఫ్టు దిగినవాళ్లకి అది సాయంత్రం. ‘హ్యాపీ అవర్’ బోర్డు కూడా పొద్దున్నే పెట్టారు. పంది తినని నేను పక్క హోటల్లో ‘సినిగాంగ్’ చెప్పాను. చింతపండు పులుసులో రొయ్యలు, ముల్లంగి, బెండకాయ, తోటకూరలాంటి ఆకు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని అలా ఆగిపోయాను. పోపు లేని మా అమ్మమ్మ పులుసు! అన్నం అడగకుండానే ఇంకో గిన్నె వచ్చింది. మూడు పూటలా అన్నం తినే జనంతో మనకి పేచీ రాదు. శాకాహారులకి మాత్రం ముందే చెబుతున్నాను: కూరగాయల వంటకం అని పేరున్నదాంట్లో కూడా రొయ్యల పేస్టు పడుతుంది. అడిగి తినండి.

ఎదురు బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న అమ్మాయి నా మొహం చూసి నవ్వింది. మాట కలిసింది. బికోల్ ప్రాంతం. హెల్త్‌కేర్ అకౌంట్‌లో ఆరేళ్లు. తమ్ముణ్ణి ఓడల మీద పనికి చదివిస్తోంది, ఊళ్లో ఇంటికి రేకులు మార్పించింది. మొన్న జులైలో అకౌంట్ ర్యాంప్ డౌన్ అయింది. ఉద్యోగం పోయిందా అని అడిగాను. ‘పోలేదు, మామ్. నేను ఉద్యోగినే. జీతమే లేదు. ఫ్లోటింగ్‌లో ఉన్నాను.’

ఇది నాకు అర్థం కావడానికి సినిగాంగ్ చల్లారేంత సేపు పట్టింది. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ప్రాజెక్టు లేకపోతే బెంచ్ మీద కూర్చోబెడతారు. అవమానంగా ఉంటుంది, అయినా ఒకటో తారీఖున జీతం పడుతుంది. ఇక్కడ పని లేనప్పుడు ఉద్యోగిని ఆరు నెలల దాకా అలా పక్కన పెట్టడానికి కార్మిక చట్టమే వీలిస్తుంది. పని లేదు కాబట్టి జీతమూ లేదు. ఆరు నెలలు దాటినా పిలవకపోతే దాన్ని తొలగింపు కిందే కోర్టులు లెక్కిస్తాయి. తొలగించేటప్పుడు మాత్రం చట్టం గట్టిదే. ఆ పోస్టే అక్కర్లేదని తీసేస్తే సర్వీసులో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. నష్టాలు ఆపడానికి తీసేస్తే ఏడాదికి అర నెల. ముప్పై రోజుల ముందు ఉద్యోగికీ, కార్మిక శాఖకీ నోటీసు ఇవ్వాలి. తనంతట తాను రాజీనామా చేస్తే చట్టప్రకారం ఈ డబ్బు రాదు.

ఆ అమ్మాయి లెక్క అందుకే. పోస్టు రద్దయితే ఆరు నెలల జీతం. విసిగిపోయి తానే మానేస్తే ఏమీ లేదు. వేరే చోట చిన్న ఉద్యోగంలో చేరుదామంటే ఇక్కడ రాజీనామా పెట్టాలి. కంపెనీ ఇంకో అకౌంట్‌కి ఇంటర్వ్యూ ఏర్పాటు చేసింది. ఊరికి ఆ చివర, అలవెన్సు తక్కువ, శిక్షణ మళ్లీ మొదటినుంచి. అదీ వద్దంటే ‘మేము ఇచ్చాం, తనే కాదంది’ అంటారేమోనని భయం. ‘ఎవరు ముందు కదులుతారో అని ఎదురుచూసే ఆట ఇది. వాళ్లకి అద్దె లేదు, నాకుంది’ అంది. ప్రస్తుతం ఫోన్లో లైవ్ పెట్టి పాత బట్టలు అమ్ముతోంది. ‘కస్టమర్ ఎంత తిట్టినా గొంతు మారకుండా మాట్లాడతాను కదా, బేరం బాగా కుదురుతుంది’ అని తన మీద తానే నవ్వుకుంది. మరి ఈస్ట్‌వుడ్‌కి ఎందుకొచ్చింది? పాత టీమ్ షిఫ్టు దిగే వేళకి రోజూ వస్తుందట. ఎక్కడ ఖాళీ ఉందో హెచ్‌ఆర్ కంటే ముందు వాళ్లకి తెలుస్తుంది.

చట్టాల మాట వచ్చింది కాబట్టి, ఈ దేశంలో ఆడవాళ్లు రాత్రిపూట పనిచేయకూడదన్న పాత నిషేధాన్ని 2011లో తీసేశారు. మినహాయింపులతో అంతకు ముందునుంచే చేస్తున్నారనుకోండి. రాత్రి పది నుంచి ఆరు దాకా పనికి పది శాతం అదనం. డిసెంబరు 24 లోపు పదమూడో నెల జీతం, ఇది 1975 నుంచీ ఉన్న చట్టం. ఆ క్రిస్మస్ పాటలు సెప్టెంబరులోనే ఎందుకు మొదలవుతాయో ఇప్పుడు కొంచెం తెలిసింది. ఈ అమ్మాయికి ఈసారి పదమూడో నెల పనిచేసిన నెలల మేరకే వస్తుంది. మాల్‌లో ఆ పాట వస్తే బయటికి వచ్చేస్తానంది.

మనీలా చాలనుకుని సెబూకి విమానం ఎక్కాను, గంటన్నర దారి. అక్కడి ఐటీ పార్కు పాత లాహుగ్ విమానాశ్రయం ఉన్న స్థలంలో వెలిసింది. విమానాలు దిగిన చోట ఇప్పుడు కాల్స్ దిగుతాయి. రాత్రిపూట ‘సుగ్బో మెర్కాడో’ అనే తిండి సంత పెడతారు, వెళ్లినవాళ్లు వదలొద్దు. బొగ్గుల మీద కాల్చిన చేప, దానితో ‘పుసో’. కొబ్బరాకుని బుల్లి బుట్టలా అల్లి, అందులో బియ్యం పోసి ఉడికించిన అన్నం. కోనసీమలో పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలని చూసినవాళ్లెవరూ దీన్ని చూసి ఊరుకోలేరు. ఆ అల్లిక విప్పడం నాకు చేతకాలేదు. అమ్మేవాడు జాలిపడి కత్తితో ఒక్క వేటుకి రెండు ముక్కలు చేసి ఇచ్చాడు.

వెనక నుంచి ‘అరే, కారం పొడి తెచ్చావా లేదా’ అని తెలుగు వినపడింది. గుంటూరు, ఖమ్మం, కర్నూలు పిల్లలు, ఇక్కడ మెడిసిన్ చదువుతున్నారు. ‘ఆంటీ, కూర్చోండి’ అని బల్ల జరిపారు. పుసో మీద కారం పొడి చల్లుకుని తింటే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటల్లేవు, మీరే చూడండి. వాళ్ల మేడ మీది వాటాల్లో అందరూ కాల్ సెంటర్ వాళ్లేనట. ‘పగలు మిక్సీ వేస్తే కింద ఇంటావిడ పైకొచ్చేస్తుంది ఆంటీ, ష్ అంటూ. మేం రాత్రి పదింటికి పచ్చడి నూరుకుంటాం.’ ఈ మధ్య రెండు వాటాలు ఖాళీ అయ్యాయని, ఇంటావిడ అద్దె తగ్గించి మరీ అడుగుతోందని, మిక్సీ గురించి మాట్లాడ్డం మానేసిందని కూడా చెప్పారు.

అక్కడే ఒక ట్రైనర్ పరిచయమయ్యాడు. కొత్తవాళ్లకి ఫోన్ మాట్లాడ్డం నేర్పడం అతని పని. ఇప్పుడు కొత్తవాళ్లు తక్కువ. అందుకని రికార్డయిన కాల్స్ వింటూ, ఇక్కడ కస్టమర్‌కి కోపం వచ్చింది, ఇక్కడ చల్లబడ్డాడు అని గుర్తులు పెడుతున్నాడు, యంత్రం నేర్చుకోవడానికి. ‘పిల్లలకి ఆరు వారాలు పట్టేది. దీనికి తొందరగా వచ్చేస్తుంది. కానీ పిల్లలు శిక్షణ అయ్యాక పార్టీ ఇచ్చేవాళ్లు’ అన్నాడు. ఉద్యోగ మేళాల బల్లలు మాల్‌లో ఇంకా ఉన్నాయి. అతను చూపించాడు. ఒకప్పుడు ‘అనుభవం అక్కర్లేదు, ఇవాళే చేరండి’ అని రాసేవాళ్లట. నేను చూసిన బల్లల మీద అనుభవం ఎన్నాళ్లో ముందు అడుగుతున్నారు.

నా సీటు సంగతి అప్పుడు తేలింది. మా నుంచి మనీలాకి వచ్చినప్పుడు సీటు సీటుగా వచ్చింది. నాన్సీ పోయి ఇంకో అమ్మాయి కూర్చుంది. ఈసారి సీటు ముక్కలైంది. సులువు ముక్క యంత్రానికి పోయింది. చిక్కు ముక్క ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్ల నెత్తిన పడింది. మొదటి రోజు చేరి తప్పులు చేస్తూ పని నేర్చుకునే ముక్క ఎవరి దగ్గరా లేదు. ఇక్కడ కాలేజీ మధ్యలో ఆపేసిన పిల్లలు కూడా ఆ ముక్క పట్టుకునే పైకి వచ్చారు. 18 లక్షలనే అంకెలో ఇది కనపడదు. ఎందుకంటే రానివాళ్లని ఎవరూ లెక్కపెట్టరు. ఇదిగాక 2025లో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు పెట్టారు: ఫోన్ చేసినవాళ్లకి ఏ దేశం నుంచి మాట్లాడుతున్నారో, మాట్లాడేది మనిషో యంత్రమో చెప్పాలి, అడిగితే అమెరికాలో ఉన్న మనిషికి కలపాలి. ట్రైనర్ దీని గురించి విని భుజాలెగరేశాడు. ‘మమ్మల్ని మనుషులమని చెప్పుకోమంటే సంతోషమే’ అన్నాడు.

మీరు వెళితే బీచ్‌ల దగ్గరికి పరుగెత్తే ముందు ఒక రాత్రి మకాటీకో ఈస్ట్‌వుడ్‌కో ఇవ్వండి. పగలు పడుకుని ఒంటిగంటకి లేవండి. పెసో మన డబ్బులో దాదాపు రూపాయిన్నర, కాబట్టి గంజి, గుడ్డు, కలమాన్సీ మీ జేబుకి భారం కాదు. చిల్లర దగ్గర పెట్టుకోండి. గొడుగు మర్చిపోవద్దు. పక్కన కూర్చున్న వాళ్లని ‘ఉద్యోగం ఉందా’ అని మాత్రం అడక్కండి, మొహం చిన్నబోతుంది. ‘ఏ అకౌంట్’ అని అడగండి. ఉన్నవాళ్లు అకౌంట్ పేరు చెబుతారు. లేనివాళ్లు, ఎలాగూ తీరికే కాబట్టి, తెల్లారేదాకా కబుర్లు చెబుతారు.